పసుపు అంటిన వాగ్దానం

నా తమ్ముడు సామ్యేలు రోజూ తెల్లవారి అయిదున్నరకు నా ఫోనుకు ఒక బైబిలు వాక్యం పంపిస్తాడు. వెనకాల సూర్యోదయమో, గులాబీ పువ్వో, ఏ దేశానిదో మంచుకొండో ఉంటుంది. ముందర బంగారు రంగు అక్షరాల్లో సగం వచనం ఉంటుంది. మొత్తం వచనం రాస్తే గులాబీ కనబడదు కదా, అందుకని సగమే. ముప్పయి రెండేళ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషిని నేను. కామా దగ్గర తెగిపోయిన వాక్యాన్ని చూస్తే నాకు పళ్లు జివ్వుమంటాయి. ఒరేయ్ తమ్మీ, పంపితే ఏ అధ్యాయమో రాసి పంపు, మిగతాది నేనే చదువుకుంటానని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దానికి వాడు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపిస్తాడు. ఆ చేతులకు ఏం జవాబు చెప్పాలో నాకు ఇంతవరకూ తెలియలేదు.

మొన్న మే నెలలో ఒకనాడు, పొద్దుటి వాక్యం వచ్చిన గంటకు, మరదలు సుగుణ ఫోను చేసింది. పెరట్లోకి వచ్చి మాట్లాడుతున్నట్టుంది, గొంతు బాగా తగ్గించింది. క్రిస్మస్‌కు కొన్న కొత్త చెప్పు కరిచి వాడి కుడికాలి చిటికెన వేలికి పుండు పడిందని, అది మానకపోగా వేలంతా నల్లబడిందని, డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్లి వచ్చి మళ్లీ ఆ గడప తొక్కనన్నాడని, షుగరు గోలీలు కూడా మానేశాడని చెప్పింది. ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదని కోప్పడ్డాను. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడట. "వాసన వస్తాంది వదినె, నాతోని గాదు. నువ్వొచ్చి చెప్పు. నీ మాటైతే ఇంటడు" అంది. నా మాట వింటాడని దానికి ఎవరు చెప్పారో. అరవై ఏళ్లలో వాడు నా మాట విన్నది నాకు జ్ఞాపకం లేదు. అయినా బయలుదేరాను. ఖమ్మం నుంచి జూలూరుపాడు మీదుగా పాల్వంచకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వాడితో ఏమేం అనాలో దారి పొడవునా వరస పెట్టుకున్నాను. కొత్తగూడెం దాటేసరికి ఆ వరస బాగా పెద్దదయింది.

వాడు ముందు వరండాలో కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టి, మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. బొగ్గుబాయిలో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి. ఆ భుజాలు ఇంకా అలాగే ఉన్నాయి, ముఖం మాత్రం పీక్కుపోయింది. వందనాలక్కా అన్నాడు. వందనాలు తరవాత, ముందు ఆ తువ్వాలు తియ్యమన్నాను. తియ్యలేదు. తల వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఒక ఫ్రేము వేలాడుతోంది. లోపల ప్లాస్టిక్ పొర వేయించిన కాగితం, చుట్టూ కాగితప్పూల దండ. హిజ్కియా అనే రాజు చావు మంచం మీద ఉన్నప్పుడు దేవుడు ప్రవక్త చేత చెప్పించిన మాట అది. నీ ప్రార్థన విన్నాను, నీ కన్నీళ్లు చూశాను, నిన్ను బాగుచేస్తాను అని. అక్కడితో ఆపి మూడు చుక్కలు పెట్టారు.

"జనవరిల దేవుడు నాకిచ్చిన మాట అక్కా ఇది. ఇంక కత్తులు, కోతలు అని నా ముందల ఎవ్వరు అనొద్దు" అన్నాడు తమ్ముడు.

బస్సులో వరస పెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. లోకంలో ఇంకెవరైనా ఆ వచనాన్ని గోడకు తగిలించుకుంటే నేను ఏమనేదాన్నో గాని, వీడు తగిలించుకుంటే ఏమనను? ఆ వచనంతో మా ఇంటికి పాత సంబంధం ఉంది. నాకు ఇంకా దగ్గరి సంబంధం ఉంది. సుగుణ తెచ్చిన మజ్జిగ తాగుతూ వాడికి ఎదురుగా కూర్చున్నాను.

మేము పుట్టి పెరిగిన ఊరు పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో, రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే వచ్చేది. ఒక పక్క కోయ వాళ్ల ఇళ్లు, ఇంకో పక్క మాలాంటి కూలి కుటుంబాల ఇళ్లు. నాయన అక్కడ ఉపదేశి. అంటే పాస్టరు కాదు, పాస్టర్లు వేసుకునే తెల్ల అంగీ గాని, నెల జీతం గాని ఉండేవి కావు. సైకిలు మీద అయిదు ఊళ్లు తిరిగి, పాటలు నేర్పి, ప్రార్థన చేసి, చావులకూ పెళ్లిళ్లకూ నిలబడి, ఆదివారం మా ఊరి వెదురు తడకల గుడిలో వాక్యం చెప్పేవాడు. ప్రార్థనలో సగం కోయ మాటలు కలిసేవి, ఎవరికీ ఆ తేడా పట్టేది కాదు. ఎండాకాలం మా వాకిలంతా ఎండిన ఇప్పపువ్వు వాసన. ఆ వాసన తల పట్టుకునేలా తియ్యగా ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా సీసాలో పోసి అమ్మే అత్తరు వాసన చూస్తే నాకు ఆ వాకిలే జ్ఞాపకం వస్తుంది, వెంటనే ఆ అత్తరు దండగనిపిస్తుంది.

మా ఇంటికి అసలు పెద్ద నాయన కాదు, నాయనమ్మ మార్తమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. సంతకం దగ్గర వేలిముద్ర వేసేది. కాని పొద్దుగూకి లాంతరు వెలిగించగానే ఆమె చేతికి ఏదో పని, మా చేతికి బైబిలు వచ్చేవి. ఆమె చింతపండు గింజ తీస్తూనో, బీడీలు చుట్టే తునికాకు యాభై యాభై చొప్పున కట్టలు కడుతూనో కూర్చునేది. మేము ఒక అధ్యాయం చదవాలి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, మధ్యలో దాహమన్నా లేవకూడదు. దావీదు, గొల్యాతు వచ్చిన రోజు పండగే. కాని ఆమెకు అన్నీ ఒకటే. పాత నిబంధనలో దేవుడి గుడారానికి ఎన్ని మూరల తెర, ఎన్ని కొలుకులు, ఎన్ని దిమ్మలు అన్నదీ చదవాలి. ఎవడు ఎవణ్ని కన్నాడన్న పేర్ల పట్టికా చదవాలి. నాలుక తిరగని ఆ పేర్లతో నేనూ తమ్ముడూ పడిన అవస్థ అంతా ఇంతా కాదు. ఒకసారి ఆకలి మీద నేను ఒక పేరు మింగేశాను. నాయనమ్మ తల ఎత్తలేదు, చేతిలో ఆకుల లెక్క తప్పలేదు. "ఒకడు తగ్గిండు బిడ్డా. వాని తల్లి ఊకుంటదా? ఎనక్కి పోయి సదువు" అంది. ముప్పయ్యేళ్లుగా విని విని ఆమెకు ఆ పేర్ల నడక చెవిలో ఉండిపోయింది.

అప్పుడు నాకు ఒళ్లు మండేది. గుడారం దిమ్మలతో మా కడుపు నిండుతుందా అని అమ్మ దగ్గర సణిగేదాన్ని. నాయనమ్మకు ఆ సణుగుడు వినబడితే ఒక్కటే జవాబు. "పామును నడిమిట్ల పడితే కరుస్తది. మాట గూడ గంతే." ఈ ముక్క నాకు బడిలో పాఠం చెప్పేటప్పుడు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. పిల్లలకు ఒక పద్యంలో ఒక పాదం ఇచ్చి అర్థం రాయమనే పరీక్ష పేపర్లు చూసినప్పుడల్లా నాకు పాములు పట్టేవాళ్లే కనిపించేవారు.

నాయన పద్ధతి వేరు. ఆయన మెత్తని మనిషి, జనాన్ని ఓదార్చాలనే తాపత్రయం ఎక్కువ. ఊళ్లోకి వచ్చిన పెళ్లి పత్రికలను దాచి, వాటిని అగ్గిపెట్టె అంత ముక్కలుగా కత్తిరించి, వెనకవైపు తెల్లటి చోట తన గుండ్రటి రాతతో ఒక్కో వాగ్దానం రాశాడు. అవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఎవరైనా ప్రయాణం పోతుంటే, ఎవరికైనా కష్టం వస్తే, కొత్త సంవత్సరం వస్తే, కళ్లు మూసుకుని ఒక ముక్క తీయాలి. అది దేవుడు వాళ్లకిచ్చిన మాట. ఆ ఇరవై ముప్పై ఇళ్లవాళ్లకు ఆ డబ్బా అంటే ఎంత నమ్మకమో. వడ్లు చల్లే ముందు వచ్చి తీసినవాళ్లు కూడా ఉన్నారు. డబ్బాలో తిట్టు లేదు, హెచ్చరిక లేదు, పశ్చాత్తాపపడమన్న మాట ఒక్కటీ లేదు. నాయనమ్మ ఒకసారి మూత తీసి, నన్ను చదవమని, నాలుగైదు విని, మూత పెట్టేసింది. "అన్ని తీపి మాటలే ఏరినవు కొడకా. కారం ఎవ్వలు తింటరు?" అంది. నాయన నవ్వాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పెళ్లి పత్రికలకు నాలుగు మూలలా పసుపు రాస్తారు కదా. నాయన కత్తిరించిన ముక్కల్లో కొన్నింటికి ఆ పసుపు అంటుకునే ఉండేది. కళ్లు పూర్తిగా మూయకుండా రెప్పల సందులోంచి చూస్తే ఆ మూల కనబడేది. ఏ మూల పసుపుకు వెనక ఏ మాట ఉందో నాకు కంఠతా వచ్చు. నా పుట్టినరోజుకు నేను ప్రతి ఏడూ తలవే గాని తోకవు కావు అన్న మాట తీసేదాన్ని. నాయన ఆశ్చర్యపోయి, ఈ పిల్ల మీద దేవుడికి ఏదో ఉద్దేశం ఉందని అమ్మతో అనేవాడు. దేవుడి ఉద్దేశమో కాదో గాని, నా ఉద్దేశం మాత్రం అదే.

ఒక ఏడు తునికాకు కాలంలో నాయనమ్మ పెనుబల్లిలో మా మేనత్త ఇంటికి వెళ్లింది. తమ్ముడికి ఆరేళ్లు, నాకు పదకొండు. అమ్మ వెంట ఆకుకు వెళ్లిన తమ్ముడి పిక్కలో ముల్లు దిగింది. అమ్మ పిన్నీసుతో తీసింది గాని కొన లోపలే విరిగిపోయిందని తెలియదు. నాలుగో రోజుకు పిక్క మీద నిమ్మకాయంత గడ్డ లేచింది, ఒళ్లు కాలిపోతోంది. అమ్మ భద్రాచలం దవాఖానాకు పోదామంది. నాయన కూడా పోదామనే అన్నాడు, కాని ముందు దేవుణ్ని అడుగుదామన్నాడు. డబ్బా తెచ్చి, రోగి తీయలేడు కాబట్టి వాడి బదులు నన్ను తీయమన్నాడు.

అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కొంగు నోట్లో కుక్కుకుని నా చేతి వైపే చూస్తోంది. ఆమెకు మంచి మాట కావాలని నాకు తెలుసు. మంచి మాట ఎక్కడుందో కూడా తెలుసు. కుడి మూల పసుపు, మధ్యలో సగం తెగిన కలశం బొమ్మ. రెప్పల సందులోంచి చూసి ఆ ముక్కే తీశాను. నిన్ను బాగుచేస్తాను అన్న మాట నాయన పైకి చదివి, అక్కడే మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. నాకూ సంతోషమే వేసింది. అబద్ధం ఆడానని అప్పుడు అనిపించలేదు.

అనిపించింది మరునాడు. ఆదివారం గుడిలో నాయన ఆ ముక్క ఎత్తి చూపించి, దేవుడు నా కొడుకును బాగుచేస్తానని మాటిచ్చాడని చెప్పేశాడు. ఇక దవాఖానాకు పోతే ఆ మాట నమ్మనట్టే కదా. ఇంటికి వచ్చాక అమ్మ మళ్లీ భద్రాచలం అంటే, కొత్తగా నమ్ముకున్నవాళ్ల ముందు దేవుడి మాట తేలికవుతుందన్నాడు. మూర్ఖంగా అన్నాడని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. రాత్రింబవళ్లు పిల్లవాడి పక్కనే కూర్చున్నాడు, ముద్ద ముట్టలేదు. కాని కదల్లేదు. కాలు మోకాలి దాకా ఉబ్బింది. తమ్ముడు మేకల్ని అదిలిస్తున్నట్టు ఏవేవో మాటలు మాట్లాడుతున్నాడు. నేను పశువుల కొట్టంలో దాక్కుని, నేను తీసిన మాటను నువ్వే ఇచ్చినట్టు నిజం చెయ్యమని దేవుణ్ని బతిమాలాను. నాయనతో చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఆదివారం ఆయన అందరి ముందూ పలికిన మాట ఏమవుతుంది? పదకొండేళ్ల పిల్లకు తమ్ముడి కాలు కన్నా నాయన పరువు ఎక్కువనిపించింది. నాకు నా మీద వచ్చే కోపంలో పెద్ద భాగం అదే.

మంగళవారం మధ్యాహ్నం నాయనమ్మ వచ్చింది. చంకలో మూట దించకుండానే పిల్లవాణ్ని చూసింది. నాయన ఆమెకు ఆ అట్టముక్క చూపించి, వచనం చదివి వినిపించాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఆమె కేక వేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. వాడి పక్కన కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, అది ఏ అధ్యాయంలోదని అడిగింది. నాయన చెప్పాడు. "మొదలుకెల్లి సదువు కొడకా" అంది.

నాయన చదివాడు. రాజుకు జబ్బు చేయడం, ఇల్లు చక్కబెట్టుకోమని ప్రవక్త చెప్పడం, రాజు గోడ వైపు తిరిగి ఏడవడం, ప్రవక్త వాకిలి దాటకముందే దేవుడు అతణ్ని వెనక్కి పంపడం, బాగుచేస్తానన్న మాట, ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు. అక్కడిదాకా ఆయన గొంతు బాగానే ఉంది. ఆ కింది వచనం దగ్గర ఆగిపోయాడు. ఆగావేమని నాయనమ్మ అడిగింది. అంజూరపు పండ్ల ముద్ద తెమ్మని ప్రవక్త చెప్పాడని, దాన్ని తెచ్చి పుండు మీద వేస్తే రాజు బాగుపడ్డాడని నాయన మెల్లగా చదివాడు. ఎన్నిసార్లు చదివి ఉంటాడో ఆ అధ్యాయాన్ని. ముక్క కత్తిరించేటప్పుడు ఆ వచనం బయట పడిపోయింది.

"దేవుడు బాగుచేస్తనన్నడు గద. మరి ముద్ద ఎందుకు తెమ్మన్నడు? ప్రవక్తకు ఇస్వాసం లేకనా?" అంది నాయనమ్మ. నాయన బైబిలు మూశాడు. "అంజూరం మన అడివిల కాయదు. భద్రాచలం దవాఖానల ఉంటది. పోరన్ని ఎత్తుకో."

అంతే. నాయన పిల్లవాణ్ని భుజాన వేసుకున్నాడు. రోడ్డు మీద వెదురు లారీ ఆగింది. మస్తాన్ అనే డ్రైవరు తన పక్కన ఉన్న మనిషిని వెదుర్ల మీదికి పంపి మాకు ముందర చోటిచ్చాడు. గోదావరి వంతెన మీద నీటిగాలి తగిలినప్పుడు తమ్ముడు ఒక్కసారి కళ్లు తెరిచాడు. దవాఖానాలో డాక్టరమ్మ గడ్డ కోసి, చీము తీసి, ముల్లు కొనను పళ్లెంలో వేసి నాయనకు చూపించింది. ఇంకో రెండు రోజులైతే కాలు తీసేయవలసి వచ్చేదని తిట్టింది. నాయన చేతులు కట్టుకుని నిలబడి ఆ తిట్లన్నీ పడ్డాడు. దవాఖానా వరండాలో నాయనమ్మ ప్రార్థన చేసింది. డాక్టరమ్మ చేతుల కోసం, మస్తాన్ లారీ కోసం, సూది కోసం, మందు కోసం ఒక్కొక్కటిగా దేవుడికి కృతజ్ఞత చెప్పింది. ఆమె ప్రార్థనలో కూడా ఒక పేరు తప్పిపోలేదు.

ఈ కథ ఇక్కడితో ఆగితే నేను ఈ వయసులో పాల్వంచ బస్సు ఎక్కే పని ఉండేది కాదు. నాయన ఆ తరవాత ఏటా గుడిలో నిలబడి, దేవుడు మాకు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పేవాడు. మొదటి ఏడు అన్నీ చెప్పాడు. తన తెలివితక్కువతనం, తల్లి అడిగిన ప్రశ్న, లారీ, డాక్టరమ్మ తిట్టిన తిట్లు. రెండో ఏడు తిట్లు పోయాయి. నాయనమ్మ పోయాక ఆమె ప్రశ్న పోయింది. లారీ ఇంకొన్నాళ్లు నడిచి అదీ ఆగిపోయింది. చివర చివరకు సాక్ష్యం ఇంత మిగిలింది: పిల్లకు వాగ్దానం వచ్చింది, కొడుకు లేచి నడిచాడు. ఆయన కావాలని దాచలేదు. జనం ఎక్కడ అల్లెలూయ అనేవారో కథ అక్కడికి జరుగుతూ పోయింది. వినేవాళ్లకు అది చాలు. తమ్ముడు ఆ సాక్ష్యం వింటూనే పెద్దవాడయ్యాడు. తనకు ఆరేళ్లప్పుడు జరిగింది వాడికి ఏం తెలుస్తుంది, తండ్రి చెప్పిందే తెలుస్తుంది. నాకు మాత్రం అంతా తెలుసు. బల్ల మీద ముందు వరసలో కూర్చుని, ఏటేటా కథ పొట్టిదవుతుంటే చూస్తూ కూర్చున్నాను. లేచి, నాయనా, అంజూరపు ముద్ద ఏదీ అని అడగలేదు. అడిగితే పసుపు సంగతి కూడా చెప్పవలసి వస్తుందని.

ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ అధ్యాయం చదివే చప్పుడు వినబడదు. ఉన్నదంతా ఫోనులోనే ఉందంటారు, నిజమే, ఉంది. లాంతరు కింద మేము అక్షరాలు కూడబలుక్కుని చదివిన గ్రంథం ఇప్పుడు చదివి వినిపించే గొంతుతో సహా జేబులో ఉంది. వినేవాళ్లేరి? పొద్దున ఒక తీపి ముక్క, రాత్రి ఒక తీపి ముక్క. నాయన డబ్బాకైనా అడుగు ఉండేది, దీనికి అదీ లేదు. నాకు ఈ కాలం మీద అంత కోపం లేదు, అప్పుడు మేమంతా మహా భక్తులమనీ చెప్పను. ముల్లు దిగిన పిల్లవాణ్ని వారం రోజులు ఇంట్లో పెట్టుకున్నది మేమే. కాని అప్పుడు ఇంట్లో ఒక ముసలిది ఉండేది. చదువు రాకపోయినా, పై నుంచి కింది దాకా విన్నది. మా ఇళ్లలో ఇప్పుడు ఆ వయసు నాకే వచ్చింది. నేను చేసిన నిర్వాకం చేతులు జోడించిన బొమ్మలు చూసి ఫోను పక్కన పెట్టడం.

మజ్జిగ గ్లాసు కింద పెట్టి తమ్ముడితో, లోపల నుంచి బైబిలు తెప్పించమన్నాను. అవసరం లేదు, నాకు నోటికొచ్చు అన్నాడు. నేను సుగుణ చేత తెప్పించి, ఫ్రేములో ఉన్న మాట ఏ అధ్యాయంలోదో ఆ అధ్యాయం మొత్తం చదివాను. అంజూరపు ముద్ద దగ్గర గొంతు పెంచాను కూడా. వాడు పంకా వైపు చూస్తూ విన్నాడు. అది ఆ కాలం సంగతి అక్కా అన్నాడు. ఆ కాలం మాట నీ గోడ మీద ఉండవచ్చు గాని, ఆ కాలం మందు నీ కాలి మీద ఉండకూడదా అని అడిగాను. దానికి వాడు నాయన సాక్ష్యం ఎత్తాడు. "నాకు దవాఖాన ఏం జేసింది? చీటీ తీసిండ్రు, దేవుడు ముట్టిండు, నేను లేచిన. నాయన ఊరికే జెప్పిండా?" అన్నాడు.

వాడి పిక్క మీద మచ్చ ఉంది. కుట్ల గుర్తులతో సహా ఉంది. దేవుడు ముడితే కుట్లు ఎందుకు పడ్డాయిరా అని అరిచాను. సుగుణ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అరిచి ఏం లాభం? అప్పుడు చెప్పాను. అర్ధశతాబ్దం పైగా నా కడుపులో పెట్టుకున్న మాట, చాలా పేలవంగా బయటికి వచ్చింది. ఆ చీటీ దేవుడు ఇచ్చింది కాదని, పసుపు మూల చూసి నేనే ఏరి తీశానని, అమ్మ ఏడుస్తుంటే చూడలేక తీశానని, ఆ చీటీ వల్లే నువ్వు మూడు రోజులు ఎక్కువ నరకం చూశావని, నిన్ను దవాఖానాకు పంపింది నాయనమ్మ అని.

నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. స్టూలు మీద కాలు కొంచెం కదిపాడు. "నేను గూడ గంతే జేసిన అక్కా" అన్నాడు.

సంఘం వాళ్లు ఫోనులో ఒక ఆట లాంటిది పెట్టారట. పెట్టె బొమ్మ మీద వేలు పెట్టి నొక్కితే ఒక వాగ్దానం వస్తుంది. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు వాడు బాత్‌రూములో తలుపు వేసుకుని నొక్కాడట. ఏదో ఓపిక గురించి వచ్చింది. మళ్లీ నొక్కితే జ్ఞానం గురించి వచ్చింది. మళ్లీ మళ్లీ నొక్కాడు. బాగుచేస్తానన్న మాట వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు. అది చెబుతుంటే వాడి ముఖం నాకు ఆరేళ్ల పిల్లవాడి ముఖంలా కనబడింది. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే మళ్లీ కోపం వచ్చింది.

"భయమైంది. కాలు తీసేస్తరంట. ముప్పయ్యేండ్లు బాయిల గా కాళ్ల మీదనే నిలబడ్డ. కాలు లేక నేనేంది అక్కా?" అన్నాడు.

డాక్టరు ఏమన్నాడో ముక్కకు ముక్క చెప్పమన్నాను. కాలు అన్న మాట వినగానే లేచి వచ్చేశానన్నాడు. కాగితం ఇచ్చాడా అంటే సుగుణ బీరువాలోంచి తెచ్చింది. ఇంగ్లీషులో ఉంది, ఆ ఇంట్లో దాన్ని చదివినవాళ్లు లేరు. చదివించుకోవాలని కూడా వాడు అనుకోలేదు. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క పంక్తీ చదివాను. కుడికాలి చిటికెన వేలు తీసెయ్యాలి. వెంటనే తీసెయ్యాలి. ఆలస్యమైతే విషం పైకి పాకి కాలికి రావచ్చు. డాక్టరు కాలి మాట అన్నది ఆలస్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి. వీడు డాక్టరు మాటను కూడా సగమే విన్నాడు. నాకు నవ్వాలో తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. కాలు కాదురా, వేలు అని చెప్పాను.

"వేలొక్కటేనా?" అని అడిగాడు తమ్ముడు. కుర్చీలోంచి ముందుకు వంగి, మొదటిసారి తనే తువ్వాలు తీశాడు. సుగుణ ముఖం పక్కకు తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. "నిజం జెప్పు అక్కా. వేలొక్కటే అని రాసుందా?"

వేలొక్కటే అని రాసుంది, అని చెప్పాను. అట్లయితే పోదామన్నాడు. అంగీ తెమ్మని సుగుణకు చెప్పి, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. నేను ఆటోకు ఫోను చేసి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా సంచిలో వేసుకున్నాను. దాని మీద తారీకు జనవరిది, అంటే నాలుగు నెలల కిందటిది. అది మాత్రం నేను వాడికి చదివి వినిపించలేదు.